కామా మారింది, డబ్బా తాజాది

జియోక్యాషింగ్ అని ఒక ఆట ఉంది: ఒకరు డబ్బా దాచి దాని చోటు ఇంటర్నెట్‌లో పెడతారు, మిగతావాళ్లు జీపీఎస్‌తో వెతికి లోపలి లాగ్ కాగితం మీద పేరు రాసొస్తారు. అలా అడవిలో చెట్టు మొదట్లో దాచిన డబ్బా ‘ఈ మధ్యే అప్‌డేట్ అయింది’ అని ఆ ఆట వెబ్‌సైటు చెబితే మీకేం అర్థమవుతుంది? ఎవరో వెళ్లి చూశారని, మూత సరిచేశారని, తడిసిన లాగ్ కాగితం తీసి కొత్తది పెట్టారని. అంతేనా? పాపం, మీకు లోకజ్ఞానం తక్కువ.

2000 మే నెల మొదట్లో అమెరికా ప్రభుత్వం చోటు కచ్చితంగా తెలియకుండా జీపీఎస్ సంకేతాల్లో తానే కావాలని కలిపిన తేడాను తీసేసింది. వెంటనే డేవ్ ఉల్మర్ అనే పెద్దమనిషి ఒరెగాన్‌లో బీవర్‌క్రీక్ దగ్గర ఒక బకెట్టు దాచి, అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. జియోక్యాషింగ్ అలా పుట్టింది. అంటే ప్రభుత్వం తేడా తీసేస్తేనే ఈ ఆట మొదలైంది. ఆ లోటు తీర్చే బాధ్యత ఇప్పుడు వెబ్‌సైటులోని సెర్చ్ ఫిల్టర్లు నెత్తినేసుకున్నాయి.

‘గత ఏడు రోజుల్లో అప్‌డేట్ అయినవి’ అన్నచోట టిక్కు పెట్టాను. మొదట వచ్చిన డబ్బా అసలు లేదు. పోయిందని, వెతకొద్దని దాన్ని దాచిన ఓనరే వెబ్‌సైటులో దాని పేజీని తాత్కాలికంగా మూసేశాడు. మూసేయడమూ మార్పే కాబట్టి అది పరమ తాజా. ఆ కిందిదానికి, వెతకడం ఎంత కష్టమో చెప్పే రేటింగు ఒకటిన్నర నుంచి రెండుకి పెరిగింది. డబ్బా ఎక్కడిదక్కడే ఉంది, కష్టమే పెరిగింది.

మూడోదాని గురించి మాత్రం తీరిగ్గా చెప్పుకోవాలి. అదొక ఫిల్మ్ డబ్బీ. మూత పగిలి ఎన్నాళ్లయిందో! లోపలి కాగితం లాగితే వేళ్లకి ముద్దగా అంటుకుంటుంది, పెన్సిలు మొన పెడితే చిరుగుతుంది. కిందటి చలికాలం నుంచి వరసగా మెయింటెనెన్స్ కావాలని మొత్తుకోళ్లే. ఓనరుగారు ఏం చేశారయ్యా అంటే, వెచ్చగా సోఫాలో కూర్చుని, కాఫీ పక్కన పెట్టుకుని, పేజీలో తను రాసిన వివరణ మొత్తం చదువుకుని, ‘అందరికీ స్వాగతం’ తర్వాత ఆశ్చర్యార్థకం చేర్చారు. తృప్తి కలగలేదు. రెండోది చేర్చారు. బాగా ఎక్కువైందేమోనని ఒకటి తీసేశారు. అలా తీసేసినందుకు కూడా ఫిల్టరు ఆయన్ని మెచ్చుకుంది. ఫైలు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదకి జరిగితే ‘తగు చర్య తీసుకోబడింది’ అని రాసే మన తాసిల్దారు ఆఫీసు గుమాస్తాకి అమెరికాలో ఉద్యోగం దొరికిందన్నమాట.

అదే ఊళ్లో ఇంకో ఓనరు ఉన్నాడు. నిన్నగాక మొన్న వానలో బురద తొక్కుకుంటూ వెళ్లి, పాత డబ్బా పీకేసి, నీళ్లు దూరని కొత్తది పెట్టి, లాగ్‌బుక్ మార్చి, ఇంటికొచ్చి వెబ్‌సైటులో ‘బాగుచేశాను’ అని మెయింటెనెన్స్ లాగ్ రాశాడు. పేజీలోని వివరణలో అక్షరం ముట్టుకోలేదు. అందుకని ఫిల్టరు దృష్టిలో ఆయన ఏమీ చెయ్యలేదు. లిస్టులో లేడు.

ఇదెక్కడి న్యాయమండీ? ఈ ఆట నడుస్తున్నదే అలాంటి వాళ్ల మీద. డబ్బాలు వాళ్లవి, పెట్రోలు వాళ్లది, తడిసిన బూట్లు వాళ్లవి. కొత్త పేజీలు పరిశీలించి ఆమోదించే రివ్యూయర్లదీ వాలంటీరు పనే. పైసా ఆశించని మనిషి చేసిన పని కనిపించదు, సోఫాలో పెట్టిన చుక్కా గీతా మాత్రం కనిపిస్తాయి! పిల్లల్ని వెంటబెట్టుకుని గంట నడిచి వెళ్లినవాళ్లు ఆ ముద్దకాగితం పట్టుకుని నిలబడితే వాళ్లకి ఎవరు జవాబు చెబుతారు?

అడిగేది కొండమీది కోతిని కాదు. పేజీ ఎప్పుడు మారిందో ఒక తేదీ, డబ్బాని ఓనరు ఎప్పుడు ముట్టుకున్నాడో ఇంకో తేదీ. రెండోది లాగ్‌లో ఉండనే ఉంది, తీసి చూపించడమే. వీలుపడదంటారేమో. ఈ ఫిల్టరు చందా కట్టినవాళ్లకి మాత్రమే ఇస్తున్నారు. కార్డు గడువు తీరిన రోజే ఠంచనుగా మెయిలొస్తుంది. ఆ తేదీ దగ్గర ఇంతవరకు వాళ్లకి ఏ గందరగోళమూ రాలేదు.