లా స్కూల్ గోడ మీద బొమ్మ వేయించేముందు ఎవర్ని అడగాలి?

అమెరికాలో వెర్మాంట్ లా స్కూల్ కుడ్యచిత్రాల కేసు గురించి రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నా. తీర్పు పాతబడింది, వార్తలు చల్లారాయి, నా కోపం మాత్రం చల్లారలేదు. ఆ కోపం అభ్యంతరం చెప్పిన విద్యార్థుల మీద కాదు, చిత్రకారుడి మీద కూడా కాదు. బొమ్మలు వేయించిన స్కూల్ మీద. అదీ 2020లో వాటిని మూసేయాలనుకున్నందుకు కాదు, 1993లో వాటిని గోడకెక్కించిన పద్ధతి చూసి.

జరిగింది క్లుప్తంగా చెప్తా. ఆ స్కూల్ సౌత్ రాయల్టన్ అనే చిన్న ఊళ్ళో ఉంది. అక్కడి చేజ్ కమ్యూనిటీ సెంటర్‌లో సామ్ కెర్సన్ అనే చిత్రకారుడు 1993లో రెండు పెద్ద కుడ్యచిత్రాలు వేశాడు. ఒక్కోటి 8 అడుగుల ఎత్తు, 24 అడుగుల వెడల్పు. బానిసత్వం నుంచి తప్పించుకున్న నల్లజాతి మనుషుల్ని ఇంటి నుంచి ఇంటికి దాస్తూ కెనడా దాకా చేర్చిన రహస్య మార్గాలకి అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ అని పేరు. అందులో వెర్మాంట్ రాష్ట్ర ప్రజల పాత్రే ఈ చిత్రాల కథ. మొదటి దాంట్లో ఆఫ్రికాలో మనుషుల్ని పట్టుకోవడం, అమెరికాలో అమ్మడం, వెట్టిచాకిరీ, తిరుగుబాటు. రెండో దాంట్లో బానిసత్వం మీద పోరాడిన జాన్ బ్రౌన్, ఫ్రెడరిక్ డగ్లస్, హారియెట్ టబ్‌మన్, పారిపోయి వచ్చినవాళ్లకి ఆశ్రయమిచ్చిన స్థానికులు.

ఉద్దేశం మంచిదే. దాన్ని నేను శంకించను. కానీ ఆ గోడ ముందు రోజూ కూర్చునేవాళ్లకి ఏం కనపడింది? నల్లజాతి మనుషుల ముఖాలు కార్టూన్ల లాగా, దాదాపు జంతువుల లాగా ఉన్నాయన్నారు. హింసించే తెల్లవాళ్లకేమో ఆకుపచ్చ రంగు పూశారు, దాంతో ఆ ఘోరాలు చేసింది తెల్లవాళ్లు కానట్టు, వేరే ఎవరో చేసినట్టు కనిపిస్తోందన్నారు. ఈ ఫిర్యాదులు కనీసం 2001 నుంచీ ఉన్నాయి. తర్వాత చిత్రకారుడి ఉద్దేశం వివరిస్తూ గోడ పక్కన పలకలు పెట్టారు. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని పోలీసు చంపిన తర్వాత విద్యార్థులు మళ్ళీ కదిలారు, పిటిషన్ మీద వందకి పైగా సంతకాలు పడ్డాయి. స్కూల్ ముందు రంగు కొట్టేస్తామంది. కళాకారుడి పనిని ధ్వంసం చేయడం చట్టం ఒప్పుకోదని కెర్సన్ అడ్డం తిరిగాక, చిత్రాలకి తగలకుండా కాస్త ఎడంగా ఫ్రేములు బిగించి, వాటికి అకూస్టిక్ ప్యానెళ్లు (శబ్దాన్ని పీల్చుకునే పలకలు) తొడిగి కప్పేస్తామంది. ఆయన కోర్టుకెళ్ళాడు. జిల్లా కోర్టులో 2021లో ఓడిపోయాడు, 2023 ఆగస్టులో దాని పై కోర్టు, సెకండ్ సర్క్యూట్ అప్పీల్స్ కోర్టు కూడా స్కూల్ పక్షానే తేల్చింది. కంటికి కనపడకుండా చేసినంత మాత్రాన ధ్వంసం చేసినట్టు కాదు, మార్చినట్టూ కాదు అన్నది ఆ తీర్పు సారాంశం.

చట్టం అక్షరాల ప్రకారం తీర్పు సరైనదనే నా అభిప్రాయం. విద్యార్థుల వైపూ న్యాయం ఉంది. మ్యూజియంలో నచ్చని గది ఉంటే దాటి వెళ్ళిపోతాం. చదువుకునే చోట ఆ వీలు లేదు. మూడేళ్లు అదే గోడ, అదే బొమ్మ. నీ పూర్వీకుల్ని వంగిన వీపులుగా, తెరుచుకున్న నోళ్ళుగా ఎవరో గీసి పెడితే, వాళ్ళ మనసు మంచిదంటూ పక్కనే పలక పెడితే, దాని కిందే కూర్చుని రాజ్యాంగం చదువుకోవాలి.

ఇది తెలుగువాళ్లకి కొత్తగా చెప్పాలా? మన ఊళ్ళలో అంబేడ్కర్ విగ్రహం చూడండి. సూటు, టై, చేతిలో పుస్తకం, చాచిన వేలు. ఆయన జీవితంలో అవమానాలు తక్కువా? నీళ్ళు ముట్టుకోనివ్వని బడి ఉంది, బండి దింపేసిన మనుషులున్నారు. అయినా పేటల్లో చందాలేసుకుని విగ్రహం పెట్టుకున్నవాళ్ళు ఆ దృశ్యాల్ని ఎంచుకోలేదు. చదువుకున్న మనిషిని, చట్టం రాసిన మనిషిని నిలబెట్టుకున్నారు. తమ బాధ గురించి తమ కళ్ళ ముందు ఏం ఉండాలో వాళ్లే తేల్చుకున్నారు. సానుభూతితో బయటివాళ్ళు గీసే బొమ్మకీ, లోపలివాళ్ళు నిలబెట్టుకునే బొమ్మకీ ఉన్న ఈ తేడా బొమ్మ వేయించేవాడికి మొదటి రోజే తెలిసుండాలి.

ఇక నన్ను బాగా మండించే సంగతికి వస్తా. అమెరికాలో కళాకారుల నైతిక హక్కుల చట్టం, విజువల్ ఆర్టిస్ట్స్ రైట్స్ యాక్ట్, 1990లో వచ్చి 1991 జూన్ నుంచి అమల్లో ఉంది. అంటే బొమ్మలు వేసేనాటికి రెండేళ్లయింది. భవనంలో కలిసిపోయే కళాకృతుల గురించి అందులో విడిగా ఏర్పాటు ఉంది. తీస్తే పాడైపోయే పని అయితే, ఆ సంగతి ముందే కాగితం మీద రాసి యజమాని, కళాకారుడు ఇద్దరూ సంతకాలు పెట్టుకోవచ్చు. పాడవకుండా తీయగలిగేదైతే, యజమాని నోటీసు ఇస్తే 90 రోజుల్లో కళాకారుడు పట్టుకెళ్ళొచ్చు. స్కూల్ కెర్సన్‌కి ఆ 90 రోజులూ ఇచ్చింది. కానీ ఏం పట్టుకెళ్తాడు? చిత్రాలు నేరుగా గోడ షీట్‌రాక్ (జిప్సం పలక) మీదే వేసి ఉన్నాయి. ఊడదీస్తే ముక్కలే.

అదే చిత్రాన్ని విడదీయగలిగే ప్యానెళ్ల మీద వేయించి గోడకి బిగించి ఉంటే? నలుగురు మనుషులు, ఒక లారీ, కొన్ని గంటల పని. ఆయన బొమ్మలు ఆయనకి దక్కేవి, నచ్చిన ఊరు ఇంకెక్కడైనా పెట్టుకునేది. విద్యార్థులకి ఖాళీ గోడ దక్కేది. ఇప్పుడు ఏమైంది? చిత్రం చావలేదు, బతకనూ లేదు. ప్యానెళ్ల వెనక చీకట్లో ఉంది. దాని ముందు కూర్చునేవాళ్ళకి వెనకాల ఏముందో తెలుసు. ఎవరికీ ఏమీ దక్కలేదు. కాంట్రాక్టుల చట్టం పాఠంగా చెప్పే చోట ఇలా జరగడం నాకు మింగుడుపడదు.

మన చట్టం మెరుగ్గా ఉందనుకునేవాళ్లకి ఒక మాట. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం ఏళ్ళ తరబడి కష్టపడి 140 అడుగుల పొడవు, 40 అడుగుల ఎత్తున కంచు కుడ్యశిల్పం చేశారు. 1979లో దాన్ని ఊడదీసి గోదాములో పడేశారు, ముక్కలు విరిగాయి, కొన్ని పోయాయి. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయనకి 5 లక్షల పరిహారం, మిగిలిన శకలాలు ఇప్పించింది. కృతిని వికృతం చేస్తే కళాకారుడు అడ్డుకునే హక్కిచ్చే కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ గురించి చెప్పినప్పుడల్లా మనం గర్వంగా ఈ కేసు ఎత్తుతాం. ఎత్తాలి కూడా. కానీ అదే సెక్షన్ కింద వివరణ ఒకటుంది: కృతిని ప్రదర్శించకపోవడం హక్కుల ఉల్లంఘన కాదు. కాబట్టి వెర్మాంట్ గోడ మన దగ్గర ఉన్నా, చెక్కు చెదరకుండా కప్పేస్తే చిత్రకారుడి చేతిలో పెద్దగా ఆయుధం ఉండదు. చట్టం ఆదుకునేది కృతిని విరిచినా, విరవబోయినా మాత్రమే. మిగతా సంగతులన్నీ ముందే ఒప్పందంలో రాసుకోవాలి.

అడగాల్సినవాళ్లని అడగకపోవడం మన దగ్గరా ఉంది. సుప్రీంకోర్టు జడ్జీల లైబ్రరీలో కళ్ళగంతలు లేని, కత్తికి బదులు రాజ్యాంగం పట్టుకున్న న్యాయదేవత విగ్రహం పెట్టిన సంగతి 2024లో వార్తల్లోకి వచ్చినప్పుడు, అక్కడి లాయర్ల సంఘం, బార్ అసోసియేషన్, తమతో సంప్రదించలేదని తీర్మానమే చేసింది. ఆ విగ్రహం భావన నాకు నచ్చింది. అయినా బార్ అడిగింది న్యాయమైన ప్రశ్నే.

"ఇన్ని షరతులు పెడితే ధైర్యంగా ఎవరు గీస్తారు, అందరూ తక్కెడ బొమ్మే వేస్తారు" అని ఒక వాదన ఉంది. నేను ఒప్పుకోను. న్యూయార్క్‌లో కొలంబియా లా స్కూల్ గుమ్మం మీద తక్కెడ లేదు, కళ్ళగంతలు లేవు. జాక్ లిప్‌షిట్జ్ చేసిన భారీ కంచు శిల్పం ఉంది, రెక్కల గుర్రం పెగసస్‌ని లొంగదీస్తున్న గ్రీకు పురాణ వీరుడు బెల్లెరోఫోన్. భవనం ఆర్కిటెక్ట్ మాక్స్ అబ్రమోవిట్జ్ పురమాయించిన పని అది. శిల్పి 1973లో పోయాడు, శిల్పం 1977లో నిలబడింది. ఓపిక పట్టారు, పని పూర్తయింది. కెంటకీ విశ్వవిద్యాలయంలోనూ ఇలాంటి గొడవే ఉంది. అక్కడ మెమోరియల్ హాల్‌లో 1934 నాటి కుడ్యచిత్రంలో నల్లవాళ్ళు పొలంలో వంగి పనిచేస్తుంటారు. 2018లో కారిన్ ఒలివియర్ అనే నల్లజాతి కళాకారిణి చేత జవాబుగా ఇంకో పని చేయించారు. పాత చిత్రంలోని నల్లజాతి, ఆదివాసీ మనుషుల్ని మాత్రం తీసుకుని, వసారా గుమ్మటంలో బంగారు రేకుల మీద నిలబెట్టిందావిడ. తర్వాత పాత చిత్రం తీసేస్తామని యూనివర్సిటీ 2020లో ప్రకటిస్తే, అది లేకపోతే నా పనికి అర్థమే ఉండదని అభ్యంతరం చెప్పింది కూడా ఆవిడే. సంభాషణ అంటే అది. పలక పెట్టి ఊరుకోవడం కాదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, అమరావతిలో మన హైకోర్టుకి శాశ్వత భవనం, బుద్వేల్‌లో తెలంగాణ హైకోర్టుకి కొత్త భవనం తలపెట్టారు. వాటి గోడల మీదా ఏదో ఒకటి వేయిస్తారు. ఆ పనిని సివిల్ వర్క్స్ టెండర్‌లో ఒక ఐటమ్‌గా కలిపి ఎల్1కి, అంటే అందరికన్నా తక్కువ ధర చెప్పినవాడికి, అప్పజెప్పకండి. స్కెచ్ గీయడానికి కళాకారులకి విడిగా డబ్బివ్వండి, ఎంపిక కానివాళ్ళకి కూడా. పనిని విప్పదీయగలిగేలా చేయించండి. శుభ్రం చేసే ఖర్చు ఎవరిదో, భవనం మారితే బొమ్మ ఎక్కడికి వెళ్తుందో, అభ్యంతరం వస్తే ఎవరు వింటారో సంతకాలకి ముందే రాయండి. ఆ స్కెచ్‌ని కమిటీ గదిలో దాచకండి. బార్ అసోసియేషన్ హాల్లో, క్యాంటీన్లో, గుమాస్తాలు కూర్చునే వరండాలో, కక్షిదారులు రోజంతా పడిగాపులు పడే బెంచీల దగ్గర ఒక నెల పెట్టండి. పక్కన ఒక పుస్తకం, పెన్ను ఉంచండి. వాళ్ళు రాసింది చదివాకే గోడ ఇవ్వండి.