పక్కన శాంటా ఉంటేనే బాలయేసుకు అనుమతి

ప్రభుత్వం ఏ మతాన్నీ అధికార మతంగా నెలకొల్పకూడదని అమెరికా రాజ్యాంగం అంటుంది. అయినా అక్కడ ప్రభుత్వ భవనంలో మత చిహ్నం నిలబడాలంటే ఒక దారి ఉంది. ఆ చిహ్నానికి మతంతో పెద్దగా సంబంధం లేదని కోర్టును నమ్మించాలి. నమ్మితే ఉంటుంది, నమ్మకపోతే తీసేయాల్సిందే. వెటకారంగా అనిపించవచ్చు కానీ, గత నలభై ఏళ్ల తీర్పులను వరసగా చదివితే తేలేది దాదాపు ఇదే.

1984 నాటి లించ్ వర్సెస్ డొనెల్లీ కేసు చూడండి. రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని పొటకెట్ నగరం ఏటా క్రిస్మస్‌కు ఒక పార్కులో అలంకరణ పెట్టేది. శాంటా ఇల్లు, బండి లాగుతున్న రెయిన్‌డీర్లు, క్రిస్మస్ చెట్టు, జోకర్ బొమ్మ, ఏనుగు, టెడ్డీ బేర్, వందలాది రంగు లైట్లు. వీటన్నిటి మధ్య పశువుల పాకలో బాలయేసు, మరియ, యోసేపు. ఈ పాక బొమ్మలను నగరం 1973లో 1,365 డాలర్లు పెట్టి కొన్నది. జనం సొమ్ముతో ఒక మతం బొమ్మలేమిటని కొందరు కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు 5-4 తేడాతో నగరం వైపు మొగ్గింది. పాకను విడిగా చూడకూడదు, పండగ సందడిలో ఒక భాగంగా చూడాలి అన్నది మెజారిటీ వాదన. లాయర్లు దీనికి ఎగతాళిగా ‘ప్లాస్టిక్ రెయిన్‌డీర్ రూలు’ అని పేరు పెట్టారు. ఏనుగూ టెడ్డీ బేరూ సాక్ష్యం చెప్పబట్టే బాలయేసు గట్టెక్కాడన్నమాట!

ఆ తీర్పుతో విభేదించిన జస్టిస్ హ్యారీ బ్లాక్‌మన్ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నగరం గెలిచింది గానీ పాక ఓడిపోయిందన్నది ఆయన బాధ. లోపలున్న అర్థమంతా తీసేసి, షాపింగ్ సీజన్ వచ్చిందని చెప్పే అలంకార వస్తువుగా దాన్ని దిగజార్చారని ఆయన రాశారు. మతాన్ని ప్రభుత్వం నుంచి వేరుచేయడమంటే మతానికి వ్యతిరేకంగా నిలబడటమేనని నమ్మేవాళ్లు ఈ ఒక్క పేరా చదివితే చాలు.

అయిదేళ్ల తర్వాత పిట్స్‌బర్గ్ కేసు వచ్చింది. అక్కడ కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టు భవనంలో ప్రధాన మెట్ల దగ్గర ఒక కాథలిక్ సంఘం పాక పెట్టింది. చుట్టూ శాంటా లేడు, రెయిన్‌డీర్ లేదు. పైన దేవదూత, చేతిలో దేవుడికి మహిమ అని లాటిన్‌లో రాసిన పట్టీ. కోర్టు అది చెల్లదంది. కొంచెం దూరంలో, మరో ప్రభుత్వ భవనం ముందు 45 అడుగుల క్రిస్మస్ చెట్టు పక్కన 18 అడుగుల మెనోరా, అంటే యూదుల పండగ దీపస్తంభం ఉంది. అది చెల్లుతుందంది. పక్కన చెట్టు ఉంది కదా! దేవుణ్ణి సూటిగా స్తుతిస్తే తప్పు, చెట్టు చాటున నిలబడితే ఒప్పు.

ఈ తర్కం ఎంత దూరం వెళ్తుందో చూడాలంటే కెంటకీ వెళ్లాలి. అక్కడ రెండు కౌంటీలు తమ కోర్టు భవనాల్లో బైబిల్లో దేవుడు మోషే ద్వారా ఇచ్చిన పది ఆజ్ఞలను ఫ్రేము కట్టి తగిలించాయి. కేసు పడగానే చుట్టూ వేరే పత్రాలు చేర్చాయి. అదీ కుదరదని కింది కోర్టు అనడంతో మూడోసారి ఏకంగా తొమ్మిది పత్రాల ప్రదర్శన తయారైంది. మాగ్నాకార్టా, స్వాతంత్ర్య ప్రకటన, జాతీయగీతం సాహిత్యం, వాటి మధ్య ఆజ్ఞలు. ‘అమెరికన్ చట్టానికి పునాదులు’ అన్న అర్థం వచ్చే బోర్డు ఒకటి. 2005లో సుప్రీంకోర్టు దీన్ని కొట్టేసింది. మొదటి ఉద్దేశం ఏమిటో అందరికీ తెలుసు, ఇప్పుడు చుట్టూ కాగితాలు పేర్చినంత మాత్రాన మర్చిపోవాలా అని అడిగినట్టుగా ఉంటుంది జస్టిస్ సూటర్ తీర్పు. సరిగ్గా అదే రోజు, అదే 5-4 తేడాతో, టెక్సాస్ శాసనసభ ఆవరణలో ఉన్న ఆరడుగుల పది ఆజ్ఞల రాయి ఉండవచ్చని అదే కోర్టు చెప్పింది. అది 1961 నుంచీ అక్కడే ఉంది, నలభై ఏళ్లు ఎవరూ అడ్డు చెప్పలేదు, పైగా చుట్టుపక్కల ఇంకా చాలా స్మారకాలున్నాయి. రెండు కేసుల్లోనూ గెలిచిన వైపు ఉన్న న్యాయమూర్తి ఒక్కరే, స్టీఫెన్ బ్రేయర్.

వీటన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసేది అలబామా కథ. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రాయ్ మూర్ 2001లో కోర్టు భవనం మధ్య హాల్లో దాదాపు 2,400 కిలోల బరువున్న పది ఆజ్ఞల గ్రానైట్ స్మారకం పెట్టించారు. ఎందుకు పెట్టారని అడిగితే చరిత్ర, సంస్కృతి అని నీళ్లు నమలలేదు. మనుషుల వ్యవహారాలన్నిటి మీదా దేవుడి సార్వభౌమత్వాన్ని గుర్తించడానికే అన్నారు. ఫెడరల్ కోర్టు తీసేయమంది, ఆయన కాదన్నారు. 2003లో స్మారకమూ పోయింది, ఆయన పదవీ పోయింది. ఆయన చేసింది రాజ్యాంగ విరుద్ధం, అందులో నాకు సందేహం లేదు. కానీ ఈ జాబితా మొత్తంలో తన చిహ్నం గురించి నిజం చెప్పిన మనిషి కూడా ఆయనే. నిజం చెప్పినవాడు ఓడిపోయి, టెడ్డీ బేర్‌ను అడ్డుపెట్టుకున్నవాళ్లు గెలిచే పద్ధతిలో ఏదో తేడా ఉంది.

సిలువ విషయంలో ఇది మరీ ఇబ్బందికరం. మేరీల్యాండ్‌లోని బ్లేడెన్స్‌బర్గ్‌లో రోడ్ల కూడలిలో నలభై అడుగుల సిలువ ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన 49 మంది స్థానికుల జ్ఞాపకార్థం 1925లో పూర్తిచేశారు. 2019లో సుప్రీంకోర్టు 7-2తో దాన్ని ఉండనిచ్చింది. కాలం గడిచేకొద్దీ దానికి స్మారకంగా వేరే అర్థాలు చేరాయన్నది కారణం. వందేళ్ల నాటి స్మారకాన్ని కూల్చమని నేనూ అనను. అయితే, సిలువ క్రైస్తవానికి ప్రధాన చిహ్నం, క్రైస్తవులు కాని సైనికులకు అది ప్రాతినిధ్యం వహించదు అన్న జస్టిస్ గిన్స్‌బర్గ్ అభ్యంతరానికి సూటిగా జవాబు దొరకదు. అంతకు పదేళ్ల ముందు, కాలిఫోర్నియా ఎడారిలోని మరో సిలువ మీద వాదనలు జరుగుతున్నప్పుడు, సిలువ క్రైస్తవులు కాని సైనికులను గౌరవించదా అని అడిగారు జస్టిస్ స్కాలియా. సిలువ వద్దన్న వైపు లాయర్ జవాబు: నేను యూదుల శ్మశానాలకు వెళ్లాను, అక్కడ ఏ యూదుడి సమాధి మీదా సిలువ ఉండదు. ఈ జవాబు యూదుల కోసమే కాదు, క్రైస్తవుల కోసం కూడా అవసరమని నాకనిపిస్తుంది. సిలువంటే అందరికీ వర్తించే సాధారణ సంతాప గుర్తు అని ఒప్పుకుంటే, వాళ్లకిక ప్రత్యేకంగా మిగిలేదేముంది?

ఇప్పుడు రూలు మారింది. ప్రభుత్వం చేసిన పనికి లౌకిక ఉద్దేశం ఉందా, అది మతాన్ని ప్రోత్సహిస్తుందా అని అడిగే ‘లెమన్ పరీక్ష’ను కోర్టులు 1971 నుంచి వాడుతూ వచ్చాయి. దాన్ని సుప్రీంకోర్టు 2022లో, ఒక స్కూలు ఫుట్‌బాల్ కోచ్ మైదానంలో ప్రార్థించిన కేసులో పక్కనపెట్టింది. ఇకమీదట చారిత్రక ఆచారాలు ఏం చెబుతున్నాయో చూడాలట. సరే, చూద్దాం. ప్రభుత్వం అధికార మతాన్ని నెలకొల్పకూడదన్న రాజ్యాంగ మొదటి సవరణ 1791లో అమల్లోకి వచ్చింది. అయినా అది అప్పట్లో రాష్ట్రాలకు వర్తించలేదు. కనెక్టికట్‌లో 1818 దాకా, మసాచుసెట్స్‌లో 1833 దాకా ప్రభుత్వ మద్దతుతో నడిచే చర్చి ఉంది. 1802లో అప్పటి అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ‘చర్చికీ రాజ్యానికీ మధ్య గోడ’ అన్న ప్రసిద్ధమైన మాట రాసింది ఎవరికి? ఆ కనెక్టికట్‌లోనే మైనారిటీగా ఉండి, మత స్వేచ్ఛ తమకు హక్కు కాదు, దయతలచి ఇచ్చినదిగా ఉందని మొరపెట్టుకున్న డాన్‌బరీ బాప్టిస్టులకు, అంటే ఒక క్రైస్తవ శాఖ వాళ్లకు. గోడ కావాలన్నది నాస్తికులు కాదు, భక్తులు. అంతకు చాలా ముందు రోడ్ ఐలాండ్‌కు పునాది వేసిన రోజర్ విలియమ్స్ కూడా చర్చి తోటలోకి లోకపు అడవి చొరబడకుండా ఉండాలంటే మధ్యలో గోడ ఉండాలన్నాడు. అడ్డు ఎవరికి, ఎవరి నుంచి అన్నది ఇక్కడ గమనించాలి. పొటకెట్ ఉన్నది ఆ రోడ్ ఐలాండ్‌లోనే.

సుప్రీంకోర్టు హాల్లోనే మోషే ఉన్నాడు కదా అని చాలామంది అడుగుతారు. ఉన్నాడు. అక్కడి శిల్పాల్లో హమ్మురాబీ, కన్ఫ్యూషియస్, నెపోలియన్‌ల వరసలో, చట్టాలు చేసిన వాళ్లలో ఒకడిగా. ఎవరూ ఆ గోడకు మొక్కరు, మొక్కమని ఎవరూ అనరు. అందులో పేచీ లేదు.

అందరికీ తలుపు తెరిచేయండి అనేది ఇంకో వాదన. ఫ్లోరిడా శాసనసభ భవనంలో 2013లో అదే చేశారు. బాలయేసు పాకకు చోటిచ్చారు కాబట్టి, ఖాళీ బీరు డబ్బాలతో చేసిన ఫెస్టివస్ (ఒక టీవీ సీరియల్ పుణ్యమా అని పాపులరైన సరదా పండగ) స్తంభానికీ ఇవ్వాల్సి వచ్చింది. అయోవాలో 2023 డిసెంబరులో సాతానిక్ టెంపుల్ అనే సంస్థ వాళ్లు పెట్టిన బొమ్మ తలను ఒకతను నరికేశాడు. అర్కాన్సాస్ శాసనసభ ముందు పెట్టిన పది ఆజ్ఞల రాతినీ 2017లో ఒకతను ఇరవై నాలుగు గంటలు గడవకముందే కారుతో గుద్ది పగలగొట్టాడు. మళ్లీ పెట్టినప్పుడు చుట్టూ కాంక్రీటు దిమ్మలు కట్టాల్సి వచ్చింది.

నా లెక్కలో పాతవి ఉండనివ్వడం వేరు, కొత్తవి పెట్టడం వేరు. పాతదాన్ని పీకేస్తే లేని గొడవ పుడుతుందని టెక్సాస్ రాయి కేసులో బ్రేయర్ పడ్డ భయం నిజమే. కొత్తది పెట్టేటప్పుడు ఆ గొడవను మనమే కోరి తెచ్చుకుంటాం. పార్కులో చూపు తిప్పుకుని నడిచిపోవచ్చు. చట్టమే బడికి రమ్మన్న పిల్లవాడు తరగతి గదిలో ఎక్కడికి పోతాడు?

అందుకే లూసియానా, టెక్సాస్ కేసులు మిగతావాటికంటే తీవ్రమైనవి. ప్రతి ప్రభుత్వ స్కూలు గదిలోనూ పది ఆజ్ఞల పోస్టరు ఉండాలని లూసియానా 2024లో, టెక్సాస్ 2025లో చట్టాలు చేశాయి. టెక్సాస్ పోస్టరు కనీస కొలత 16 బై 20 అంగుళాలు. కెంటకీ స్కూళ్లలో పెట్టి 1980లో సుప్రీంకోర్టు చేత కొట్టేయించుకున్న పోస్టరుదీ అదే కొలత. అప్పుడు పోస్టరు అడుగున చిన్న అక్షరాల్లో, పాశ్చాత్య నాగరికత ఈ ఆజ్ఞలను మూల చట్టంగా తీసుకోవడంలోనే వాటి లౌకిక ఉపయోగం కనిపిస్తుంది అన్న అర్థంలో రాశారు. ఇప్పుడు లూసియానా ఆజ్ఞలతో పాటు వాటి చారిత్రక నేపథ్యం మీద ఒక వివరణ కూడా పెట్టమంది. ఆ చట్టం మీద సంతకం చేస్తూ గవర్నర్ జెఫ్ లాండ్రీ మాత్రం, చట్టాన్ని గౌరవించాలంటే మొట్టమొదటి శాసనకర్త మోషే దగ్గర మొదలుపెట్టాలన్నారు. సభలో ఒక మాట, కోర్టులో ఇంకో మాట. 2025 జూన్‌లో అప్పీలు కోర్టు ధర్మాసనం లూసియానా చట్టం రాజ్యాంగ విరుద్ధమంది. అక్టోబరులో పూర్తి ధర్మాసనం ఆ తీర్పును పక్కనపెట్టి మళ్లీ వింటామంది.

కేసులు వేసిన తల్లిదండ్రుల్లో క్రైస్తవ పాస్టర్లూ ఉన్నారు. టెక్సాస్‌లో ఒక కేసు మొదటి పేరు ఒక యూదు రబ్బీది, అంటే మతగురువుది. ఆజ్ఞలు పుట్టిన మతం వాళ్లే ఎందుకు అడ్డుపడుతున్నారంటే, పది ఆజ్ఞలను యూదులు, కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు ఒకేలా లెక్కపెట్టరు. చట్టం మాత్రం ఒక పాఠాన్ని ఎంచుకుని, అక్షరం మారకుండా అదే ఉండాలంది. యూదుల లెక్కలో మొదటిది, ‘నిన్ను ఐగుప్తు దేశం నుంచి బయటికి రప్పించిన నీ దేవుడను నేనే’ అన్న వాక్యం. టెక్సాస్ పోస్టరులో ఐగుప్తు ప్రస్తావన లేదు.