ఇల్లు చూసే బాబాయి గారికి

గౌరవనీయులైన బాబాయి గారికి నమస్కారాలు.

మీరు మా ఒక్క ఇంటికే బాబాయి కారు. కొందరికి మేనమామ, కొందరికి ఎదురింటి రిటైర్డు హెడ్మాస్టారు, కొందరికి ఆఫీసులో సీనియరు. హైదరాబాదులో ఎవరు ఫ్లాటు చూడబోయినా కారు ముందు సీటు మీదే. ‘ఆయనకి ఇళ్ళ సంగతి బాగా తెలుసు’ అంటారు. ఎలాగంటే, ఎప్పుడో ఊళ్ళో దగ్గరుండి ఒక ఇల్లు కట్టించారు. అంతే.

మీ తనిఖీ చూడముచ్చటగా ఉంటుంది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఫోన్లో దిక్సూచి తెరుస్తారు. వంటిల్లు ఆగ్నేయంలో ఉంటే సగం మార్కులు పడిపోయినట్టే. తర్వాత హాలు గోడను వేళ్ళ కణుపులతో రెండుసార్లు తట్టి ‘గట్టిగానే కట్టాడ్రా’ అంటారు. అది గదికీ గదికీ మధ్య అడ్డుగోడ బాబాయ్. చాలా అపార్ట్‌మెంట్లలో బరువు మోసేవి పిల్లర్లు, వాటి జోలికి మీరు పోరు. కుళాయి తిప్పుతారు, నీళ్ళొస్తాయి, సంతోషిస్తారు. ఆ నీళ్ళు జాలీ వైపు పోతున్నాయో, తలుపు వైపు వస్తున్నాయో చూడరు. చివరికి బాల్కనీలో నిలబడి ‘గాలి బాగా ఆడుతోంది’ అని తీర్పు చెప్పేస్తారు. బిల్డరు మనిషి మీకు మాత్రమే కుర్చీ వేసి కూల్‌డ్రింకు తెప్పించేది ఊరికే కాదు.

ఈమధ్య ఇళ్ళు తనిఖీ చేసే ఇంజినీర్లు వచ్చారని చెబితే ‘గోడలు చూడ్డానికి కూడా డబ్బులా’ అని నవ్వారు. గృహప్రవేశానికి డ్రోను కెమెరా మాట్లాడినప్పుడు మీకు ఆ నవ్వు రాలేదు.

ఆ ఇంజినీరు ఏం చేస్తాడో చెబుతాను, కోప్పడకండి. బాత్రూము జాలీ మూసేసి, నేల మీద నీళ్ళు కట్టి, ఒక రోజంతా వదిలేస్తాడు. మర్నాడు కింది ఫ్లాటు వాళ్ళ తలుపు కొట్టి వాళ్ళ సీలింగు చూస్తాడు. టైళ్ళు ఒక్కొక్కటే తడుతూ పోయి, డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా టేపు అంటిస్తాడు. ప్రతి ప్లగ్గు పాయింటులో టెస్టరు పెట్టి ఎర్తింగు ఉందో లేదో, ఫేజూ న్యూట్రలూ తారుమారయ్యాయో చూస్తాడు. లేజరు మీటరుతో కార్పెట్ ఏరియా కొలుస్తాడు. ఫ్లాట్లు కట్టి అమ్మే బిల్డర్లను అదుపులో పెట్టే రెరా చట్టం ప్రకారం అందులో లోపలి అడ్డుగోడలు కలుస్తాయి, బయటి గోడలూ బాల్కనీ కలవవు. బ్రోషరు మీద వేలు పెట్టి ‘పదహారు వందల చదరపు అడుగులు’ అని మీరు చదివింది దేని కొలతో ఒక్కసారైనా అడిగారా?

అలాగని టీషర్టు మీద ‘ఇన్‌స్పెక్షన్’ అని రాసుకున్నవాడినల్లా నమ్మమని కాదు. ఇక్కడ మీ అనుమానం కాస్త న్యాయమే. టెక్సస్‌లో మనవాళ్ళు ఇల్లు కొంటే, చూడ్డానికి వచ్చేవాడికి ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. మన దగ్గర ఈ పనికి అలాంటి లైసెన్సేమీ లేదు. థర్మల్ కెమెరా కొన్నవాడల్లా నిపుణుడే. ఆ కెమెరాకి కనిపించేది ఉపరితలం వేడిలో తేడా మాత్రమే, నీళ్ళు కాదు. కొత్తవాడు నీలంగా కనబడ్డ ప్రతి మచ్చనూ లీకేజీ అని రాసి భయపెడతాడు. చెయ్యి తిరిగినవాడు అక్కడే చెమ్మ మీటరు ఆనించి, గోడ వెనక ఏ పైపుందో అడిగి, అప్పుడు రాస్తాడు. అందుకే పాత రిపోర్టు ఒకటి చూపించమనాలి. ఏ గదిలో ఏ మూల ఏ లోపమో ఫోటోతో సహా ఉందా, లేక ‘మొత్తం మీద బాగుంది’ అని మీలాగే తేల్చాడా? బ్రోకరు పంపినవాడైతే మర్యాదగా టీ ఇచ్చి పంపెయ్యాలి. ‘ఈ రిపేర్లు కూడా మావాళ్ళే చేస్తారండీ’ అనేవాడికి టీ కూడా అక్కర్లేదు.

‘చట్టం ఉందిగా, తర్వాత అడగొచ్చు’ అంటారు మీరు. ఉంది. 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షను ప్రకారం, తాళాలిచ్చిన 5 ఏళ్ళలోపు నిర్మాణంలో గానీ పనితనంలో గానీ లోపం చూపిస్తే, బిల్డరు 30 రోజుల్లో తన ఖర్చుతో సరిచెయ్యాలి. కానీ చూపించాలి కదా. ‘మా బాబాయి తట్టి చూశారండీ’ అంటే ఏ బిల్డరు వింటాడు?

ఇంతకీ ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకంటే, మీరు ఊళ్ళో ఇల్లు అమ్మకానికి పెట్టారని తెలిసింది. కొనేవాళ్ళు ఇంజినీరుతో వస్తామన్నారట, మీరు హడావుడిగా లప్పం పెట్టించి రంగులు వేయిస్తున్నారట. వద్దు బాబాయ్. పిట్టగోడ కింద పగులు అలాగే ఉంటే ఆ రంగు ఒక్క వానకి పొక్కులు తేలుతుంది. వాళ్ళకంటే ముందు మీరే ఒక ఇంజినీరును పిలిచి చూపించుకుని, పైకప్పు బాగుచేయించి ధర చెప్పండి, బేరం మీ చేతిలో ఉంటుంది. పడగ్గదిలో తడి మచ్చ మీద వెంకటేశ్వరస్వామి క్యాలెండరు తగిలించారని పిన్ని ఫోన్లో చెప్పింది. అది కూడా తీసెయ్యండి. ఆ ఇంజినీరు క్యాలెండరుకు దణ్ణం పెట్టి మరీ పక్కకి జరుపుతాడు.

ఇట్లు,
మీ అబ్బాయి