దొర వేషం డీలక్స్ ఎడిషన్‌లో మాత్రమే

కొత్త వీడియో గేమ్ ఎప్పుడు వస్తుంది అనే ప్రశ్నకు ఒకప్పుడు ఒకటే జవాబు ఉండేది. ఇప్పుడు మీ జేబులో ఎంతుందో చెబితేగాని జవాబు చెప్పరు. ఎక్కువ డబ్బు పెట్టి డీలక్స్ ఎడిషన్ కొన్నవాడికి మంగళవారం వస్తుంది, మామూలుది కొన్నవాడికి శుక్రవారం వస్తుంది. "మూడు రోజులు ముందుగా ఆడండి" అని రాత్రి పదకొండు గంటలకు నా ఫోన్ మోగించి మరీ శుభవార్త చెప్పిన మహానుభావులకు ఈ వ్యాసం అంకితం.

మంగళవారం ఆడగలిగితే ఆట మంగళవారానికే తయారైపోయిందని అర్థం. తయారైన ఆటను లోపల పెట్టుకుని మిగతావాళ్ళను మూడు రోజులు గుమ్మం బయట కూర్చోబెట్టడం దేనికి? ఇక్కడ తిరుపతి వాడికి ఠక్కున ఒక పోలిక తోస్తుంది. కొండ మీద క్యూల జోలికి పోవద్దని ఇంట్లో గట్టిగా చెప్పారు కాబట్టి పోను.

2023లో స్టార్‌ఫీల్డ్ అనే ఆట వచ్చినప్పుడు ఈ ముందస్తు భాగ్యం ఐదు రోజులు. 70 డాలర్ల వాళ్ళకు సెప్టెంబర్ 6, వంద డాలర్ల వాళ్ళకు సెప్టెంబర్ 1. మరుసటి ఏడు ఆగస్టులో స్టార్ వార్స్ అవుట్‌లాస్ వచ్చింది. యూబీసాఫ్ట్ వారు 110 డాలర్ల గోల్డ్ ఎడిషన్ వాళ్ళకు 27న తలుపు తీసి, 70 డాలర్ల వాళ్ళను 30న రమ్మన్నారు. ముందు వెళ్ళిన పుణ్యాత్ముల్లో ప్లేస్టేషన్ 5 వాళ్ళు కొందరికి ఆటలో లోపం తగిలింది. కంపెనీ వైద్యులు కూడబలుక్కుని మందు రాసిచ్చారు: లోపం సరిచేసే కొత్త ప్యాచ్ వేసుకుని మళ్ళీ మొదటినుంచి ఆడండి. అంటే నలభై డాలర్లు ఎక్కువ కట్టి, అందరికంటే ముందు వెళ్ళి, ఆట బాగాలేదని అందరికంటే ముందు తెలుసుకున్నారు. ఇంతకు మించిన గౌరవం ఏ కంపెనీ మాత్రం ఇవ్వగలదు?

ఈ డీలక్స్‌లో ముందస్తు రోజులు కాక ఇంకేముంటుంది అని అడుగుతారేమో. వేషాలుంటాయి. హీరోకి రెండు చొక్కాలు, తుపాకీకి ఒక రంగు, గుర్రముంటే గుర్రానికొకటి. గుర్రం సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. 2006 ఏప్రిల్‌లో బెథెస్డా వాళ్ళు ఆబ్లివియన్ అనే ఆటలో గుర్రానికి తొడిగే కవచాన్ని రెండున్నర డాలర్లకు అమ్మారు. లోకం పగలబడి నవ్వింది. బొమ్మ గుర్రానికి బొమ్మ కవచం, దానికి నిజం డబ్బు! 2025 ఏప్రిల్‌లో అదే ఆటకు మెరుగులు దిద్ది మళ్ళీ వదిలారు. డీలక్స్ ఎడిషన్‌లో ఏం పెట్టారో చూడండి. గుర్రపు కవచం. పంతొమ్మిదేళ్ళలో ఆగింది మన నవ్వే, వాళ్ళ అమ్మకం కాదు.

వేషాల గురించి తిరుపతి వాడికి పాఠం చెప్పడం అయ్యే పని కాదు. మే నెలలో గంగమ్మ జాతర వస్తే ఊరు ఊరంతా వేషమే. పాళెగాడు ఆడపిల్లల్ని చెరబడుతుంటే గంగమ్మ వాడిని వెతుక్కుంటూ రోజుకో వేషం వేసిందని కథ. నాము కొమ్ము పూసుకుని బైరాగి, కుంకుమ పూసుకుని బండ, బొగ్గు పూసుకుని తోటి, గంధం పూసుకుని దొర, చీర కట్టుకుని మాతంగి. మీసాలున్న మగాళ్ళు అమ్మ చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. దేనికీ ఎడిషన్ లేదు. వేపాకు వేపచెట్టుకే ఉంటుంది.

ఇలాంటి జాతర ఏ లాభమూ లేకుండా జరిగిపోవడం చూసి ఒక గేమ్ కంపెనీ మనసు కరిగి, నిర్వహణ బాధ్యత నెత్తిన వేసుకుందనుకోండి.

ముందు చాటింపు. మామూలుగా చాటింపు వేశాక ఊరివాళ్ళు పొలిమేర దాటకూడదు. కంపెనీ చాటింపు రెండేళ్ళ ముందే ట్రైలర్‌గా వస్తుంది. అందులో అమ్మవారు కనబడదు, తప్పెట వినబడదు. నెమ్మదిగా ఒక వేపాకు రాలుతుంది. దాని మీద ప్రీ-ఆర్డర్ అని రాసి ఉంటుంది.

బైరాగి వేషం అందరికీ ఉచితమే. మెడలో రెల్లకాయల దండ విడిగా కొనుక్కోవాలి. బొగ్గు దగ్గరికి వచ్చేసరికి సాధారణ బొగ్గు, రేర్ బొగ్గు, ఎపిక్ బొగ్గు, లెజెండరీ బొగ్గు అని నాలుగు రకాలు. నాలుగూ నల్లగానే ఉంటాయి. పెట్టె కొని తెరవాలి, ఏ బొగ్గు వస్తుందో అమ్మవారికి కూడా ముందు తెలియదు.

దొర వేషం నాడు బైరాగిపట్టెడ నుంచి ఒక పెద్దాయన చెంబులో గంధం, చేతిలో నిమ్మకాయల దండ పట్టుకుని వస్తాడు. గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట దగ్గర మెడలో కార్డు వేసుకున్న కుర్రాడు ఆపుతాడు.

"సామీ, ఈ గంధం మీ అకౌంట్‌లో లేదు."

"అకౌంట్ ఏంది నాయనా, పొద్దున్నే మా ఆడోళ్ళు అరగదీసినారు."

"ఇంట్లో అరగదీసింది చెల్లదు సామీ, సర్వర్ ఒప్పుకోదు. దొర వేషం 1,100 గంగ నాణేలు."

"సరే, 1,100 ఇయ్యి."

"అట్లా ఇయ్యం సామీ. వెయ్యి నాణేల మూట ఉంది, 2,800 నాణేల మూట ఉంది."

"నాకు ఇంకో నూరే గదా కావాల్సింది?"

"నూరు అమ్మం సామీ."

పెద్దాయన పెద్ద మూట కొంటాడు. మిగిలిన 1,700 నాణేలు ఏం చేసుకోవాలని అడుగుతాడు. వచ్చే ఏడాది కొత్త వేపాకు వస్తుందనీ, దాని ధర 1,750 అనీ కుర్రాడు వినయంగా మనవి చేస్తాడు.

ఇంకా ఉంది. జాతరలో వేషం వేసినవాడు ఎవరినైనా ఎంత మాటైనా అనవచ్చు, పడ్డవాడు కోపం తెచ్చుకోకూడదు. అది ఆనవాయితీ. కంపెనీ వారు ఆనవాయితీని గౌరవిస్తారు. ప్రాథమిక ప్యాక్‌లో ఒక తిట్టు ఇస్తారు. మిగతా తిట్లు బ్యాటిల్ పాస్‌లో, అంటే డబ్బు కట్టి మెట్టు మెట్టుకూ బహుమతి తెరుచుకునే చీటీలో, నలభయ్యో మెట్టు దాటాక తెరుచుకుంటాయి. తెరుచుకున్న తిట్టు వాడితే కమ్యూనిటీ నియమాల కింద నోరు మ్యూట్ చేస్తారు.

అసలు కథలో దొర వేషంలో వచ్చిన గంగమ్మను చూసి పాళెగాడు దాక్కున్న చోటినుంచి బయటికి వచ్చి దొరికిపోతాడు. కంపెనీ కథలో దొర వేషం డీలక్స్ ఎడిషన్‌లో మాత్రమే ఉంది. అమ్మవారేమో పాపం మామూలు ఎడిషన్ కొనుక్కుంది. కాబట్టి పాళెగాడు క్షేమంగా ఉన్నాడు. సంహారం సీజన్ 2లో.

జాతర చివర విశ్వరూపం మట్టి కోసం జనం ఎగబడే వేళకు కంపెనీ ఒక నోటీసు అంటిస్తుంది: ఇన్నాళ్ళూ ఆదరించినందుకు కృతజ్ఞతలు, సర్వర్లు మూసేస్తున్నాం. ఇది నా కల్పన అనుకునేరు. 2014లో వచ్చిన ద క్రూ అనే కార్ల ఆటను 2024 మార్చి 31న ఇలాగే మూశారు. డబ్బు పెట్టి కొన్నవాడు కూడా, ఒక్కడే కూర్చుని ఆడుకుంటానన్నా, ఆడలేకపోయాడు.

ఇదంతా విని మా బాలాజీ కాలనీ గేమింగ్ సెంటర్లో కుర్రాళ్ళు ఒక మాట అంటారు. "ఇష్టమైతే కొను, లేకుంటే ఊరుకో అన్నా. వేషం కొనకపోతే ఆట ఆగదు కదా." నా మటుకు నిజమే. నేను గడ్డం నెరిసినవాణ్ణి, లెజెండరీ బొగ్గుకు డబ్బు తగలేస్తే ఆ ఖర్మ నాది.

మా వీధి చివర ఒకామె ఇడ్లీ బండి నడుపుతుంది. కొడుక్కి పదేళ్ళు. పొద్దున ఆమె బండి దగ్గరుంటే వాడు ఇంట్లో పాత ఫోన్‌లో ఒక ఉచిత తుపాకుల ఆట ఆడుకుంటాడు. ఆ ఫోన్‌లోనే ఆమె బ్యాంకు ఖాతా ఉంది. పిన్ నంబర్ వాడికి తెలుసు, ఎందుకంటే ఆమెకు చదువు రాదు, రీఛార్జి చేసిపెట్టేది వాడే. పిండికి డబ్బు కట్టాల్సిన రోజున ఖాతా చూస్తే ఖాళీ. ఆమె నా దగ్గరికి వచ్చి ఫోన్ చూపించి అడిగింది: "అన్నా, వీడు తుపాకీ కొన్నాడంట. యాడ పెట్టినాడో చెప్పడం లే. దొరికితే వాపసు ఇచ్చేస్తాను, అడిగి పెట్టు."

తుపాకీ లేదమ్మా, తుపాకీకి వేసే రంగు అని చెప్పాను. రంగు డబ్బా యాడుంది అంది.

ఏం చెప్పాలి ఆమెకు? ఇక్కడ వ్యంగ్యం నాకు చేతకావడం లేదు. పదేళ్ళ పిల్లవాడి ముందు ఇరవై నాలుగు గంటలు గడియారం పెట్టి, "ఇంకా రెండు గంటలే, తర్వాత దొరకదు" అని ఎర్రగా మెరిపిస్తారు. రూపాయలు కనబడకుండా వజ్రాలు, నాణేలు అని పేర్లు పెడతారు. కొనే బటన్ బొటనవేలంత పెద్దది, వద్దనే బటన్ చీమంత. ఇది పొరపాటున జరిగింది కాదు. ఎవడో జీతం తీసుకుని, మీటింగులు పెట్టి, కొలతలు వేసి మరీ అక్కడ అమర్చాడు. దొంగతనానికి ఇంత చక్కటి డిజైన్ ఎందుకురా?

అమెరికాలో ఫోర్ట్‌నైట్ తయారుచేసిన ఎపిక్ గేమ్స్ మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇదే పట్టుకుంది. నిద్రపోతున్న ఆటను లేపబోయి ఒక మీట నొక్కినా కొనుగోలు అయిపోయేదట. బ్యాంకుకు ఫిర్యాదు చేసినవాళ్ళ ఖాతాలకు తాళం వేసేవాళ్ళట. 2022 డిసెంబర్‌లో కంపెనీ మొత్తం 52 కోట్ల డాలర్లకు రాజీపడింది. అందులో 24.5 కోట్లు ఆటగాళ్ళకు తిరిగి ఇవ్వడానికి. బెల్జియంలో 2018లోనే డబ్బుకు అమ్మే లాటరీ పెట్టెలను జూదం కిందే లెక్కగట్టారు. మా ఇడ్లీ అమ్మకు ఏ కమిషనూ లేదు. యాప్‌లో వాపసు కోరే ఫారం నేనే నింపాను. ఆ ఫారం ఇంగ్లీషులో ఉంది. ఆటేమో తెలుగు పిల్లవాడికి అక్షరం రాకపోయినా ఇట్టే అర్థమవుతుంది.

రాబోయే వాటి సంగతీ చెప్పాలి కదా. జీటీఏ 6 (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) మొదటి ట్రైలర్ 2023 డిసెంబర్‌లో వచ్చింది. 2025 అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, ఆ తర్వాత 2026 నవంబర్ 19 అన్నారు. వాయిదాల మీద నాకు కోపం లేదు. 2020లో సైబర్‌పంక్ 2077 అనే ఆటను ఉడికీ ఉడకకుండా వడ్డిస్తే, వారం తిరిగేసరికి సోనీ వాళ్ళు తమ దుకాణం నుంచే తీసేశారు. ఆలస్యమైనా పూర్తిచేసి ఇవ్వండి చాలు. నా భయం జీటీఏ ఆట లోపలి అంగడి గురించి. జీటీఏ 5 ఇరవై కోట్ల కాపీలకు పైగా అమ్ముడుపోయాక కూడా షార్క్ కార్డుల పేరుతో బొమ్మ డబ్బును నిజం డబ్బుకు అమ్మినవాళ్ళు ఈ జీటీఏ వాళ్ళు. కొత్త ఊళ్ళో గొడుగు నీడ కూడా అద్దెకిస్తారని నా అనుమానం.

వేరే దారి లేదని మాత్రం ఎవరూ నాతో అనొద్దు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో గుప్పెడు మంది కూర్చుని హాలో నైట్ సిల్క్‌సాంగ్ అనే ఆట చేశారు. 2019లో ప్రకటించి, ఆరేళ్ళు పెద్దగా నోరు విప్పకుండా పనిచేసి, రెండు వారాల ముందు తేదీ చెప్పి, 2025 సెప్టెంబర్ 4న 20 డాలర్లకు ఇచ్చారు. ప్రీ-ఆర్డర్ లేదు, ముందస్తు మంగళవారం లేదు. ఆ రోజు జనం తాకిడికి ఆన్‌లైన్ దుకాణాలే కూలబడ్డాయి. ఆట మహా కర్కశం, అందులోని సాలెపురుగు పిల్లగా ఆడుతూ నేను పడ్డ చావులు పగవాడికి వద్దు. అయినా ఒక్క చావుకు కూడా అదనంగా డబ్బు అడగలేదు. ఫ్రాన్స్‌లోని మోంపెలియే నుంచి వచ్చిన ఎక్స్‌పెడిషన్ 33 అనే ఆట కూడా 50 డాలర్లకే వచ్చి, ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ ఆటగా నిలిచింది. నా వరకు దాని సంగీతానికే ఆ డబ్బు సరిపోయింది.

ఇడ్లీ అమ్మ డబ్బు ఇంకా వాపసు రాలేదు. "మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది" అని మెయిల్ వచ్చింది, దాని కిందే కొత్త తుపాకీ రంగు మీద డిస్కౌంట్ ఆఫర్. ఆ మెయిల్ చదివాక నా నోటివెంట వచ్చినవి అచ్చులో వెయ్యడానికి సంపాదకుడు ఒప్పుకోలేదు. పరవాలేదు, జాతర ఉంది. బండ వేషం నాడు ఒళ్ళంతా కుంకుమ పూసుకుని తాతయ్యగుంట వీధిలో నిలబడి ఒక్కటి వదలకుండా వినిపిస్తాను. రావాలనుకున్న వాళ్ళు రావచ్చు. పిల్లల్ని మాత్రం ఇంట్లో వదిలి రండి.