శివసత్తుల మనోభావాల మాటేమిటి?

ట్రైలర్‌లో స్వామి వేషంలో మోసగాడొకడు కనిపిస్తే చాలు, ఓరుగల్లులో అయినా ఇంకెక్కడైనా పోస్టర్లు చిరిగిపోతున్నాయి. సినిమా ఒక్కరూ చూసి ఉండరు. అయినా మనోభావాలు దెబ్బతిన్నాయంటారు. విశ్వాసాన్ని కించపరచకూడదన్న మాటను మేమూ కాదనం, బాధ కలిగినవాళ్లకు కోర్టులున్నాయి. సెన్సార్ అయిన సినిమాను బెదిరింపులకు జడిసి ఆపకూడదని, గొడవలవుతాయంటూ ప్రభుత్వం చేతులెత్తేయకూడదని సుప్రీంకోర్టు 1989లోనే రంగరాజన్ కేసులో తేల్చి చెప్పింది.

మా కోపం అంతకన్నా ఈ రెండు నాల్కల ధోరణి మీద. ఒంటి మీదికి దేవత పూనే శివసత్తులకు మనోభావాలు ఉండవా?

మేడారం సమ్మక్క జాతరకు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. జంపన్నవాగులో మునిగి లేచి, తడి చీరతోనే, ముఖం నిండా పసుపుతో, నెత్తిన బెల్లం బుట్టతో ఊగుతూ అమ్మవార్లు కొలువుండే గద్దెల వైపు నడిచే ఆడబిడ్డను. అక్కడ విగ్రహం లేదు. చిలకలగుట్ట నుంచి కోయ పూజారులు తెచ్చే కుంకుమ భరిణే సమ్మక్క. ఆ తల్లికీ ఈ బిడ్డకూ నడుమ పీఠం లేదు, పీఠాధిపతీ లేడు.

ఇంత నిండైన భక్తిని మన సినిమా ఏం చేసింది? పూనకాన్ని కామెడీ సీన్ చేసింది. కాదంటే హారర్ సినిమాలో జనాన్ని భయపెట్టడానికి వాడుకుంది. కోయదొర అంటే జాతకాలు చెప్పే జోకర్ అని రెండు తరాలకు నేర్పింది. అప్పుడు ఎన్ని పోస్టర్లు చిరిగాయి? ఎన్ని ధర్నాలు జరిగాయి?

పీఠాన్ని ప్రశ్నిస్తే దేవుడికి అపచారం, పేదరాలి పూనకాన్ని వెక్కిరిస్తే వినోదం. ఇదెక్కడి న్యాయం? 2015లో వచ్చిన ‘గోపాల గోపాల’లో దేవుడి మీద కేసు వేసిన వ్యాపారికి సాక్షాత్తూ దేవుడే తోడు నిలిచాడు. ఉలిక్కిపడింది స్వాములే. మా ఓరుగల్లు ప్రాంతంలోనే, పాలకుర్తి పక్కన బమ్మెర ఉంది. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వనని చెప్పి రాముణ్నే నమ్ముకున్న పోతనది ఆ ఊరే అని ఇక్కడి జనం గర్వంగా చెప్పుకుంటారు. దేవుడు వేరు, దేవుడి పేరున నడిచే దర్బారు వేరన్న ఎరుక ఈ నేలకు కొత్త కాదు.

నిర్మాతలకూ ఒక మాట. దొంగస్వామిని చూపే ధైర్యం ఉన్నవాళ్లు శివసత్తిని మనిషిగా చూపడానికి ఎందుకు బద్ధకిస్తున్నారు? ఇక పోస్టర్లు చింపేవాళ్లకు చెప్పేదొక్కటే. ముందు టికెట్ కొని సినిమా చూడండి. ఆ తర్వాత, పసుపు ముఖాల తల్లుల్ని తెర మీద ఎగతాళి చేసినప్పుడు మీరెందుకు నవ్వారో కూడా చెప్పండి.