ఓవర్‌హెడ్ గారికి ఒక ఉద్యోగి విన్నపం

సంస్థను నడపడానికీ విరాళాలు సేకరించడానికీ అయ్యే పైఖర్చులకు అధిపతులైన మహారాజశ్రీ ఓవర్‌హెడ్ గారి దివ్యసముఖమునకు, లాభాపేక్ష లేని ఒక సాంకేతిక సంస్థలో జీతం పుచ్చుకుని పనిచేస్తున్న అపరాధి వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి.

తమరు క్షేమంగా ఉన్నారా అని వేరే అడగనక్కరలేదు. మేము దాతలకు పంపే ప్రతి ప్రతిపాదనలోనూ, ఏడాది చివర విడుదల చేసే ప్రతి నివేదికలోనూ, ట్రస్టీలు కొలువుతీరే ప్రతి సమావేశంలోనూ మొదటి పరామర్శ తమరికే దక్కుతోంది. మా సాఫ్ట్‌వేర్‌ను ఎవరు వాడుతున్నారు, దానివల్ల వాళ్లకు ఒరిగిందేమిటి అన్న ప్రశ్నలు తరవాత వస్తాయి, ఒక్కోసారి రానే రావు, "మీ ఓవర్‌హెడ్ ఎంత శాతం?" అన్న ప్రశ్న మాత్రం ఎదుటివారు కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే వచ్చేస్తుంది. ఇంతటి గౌరవం మా సంస్థను స్థాపించినవారికి కూడా దక్కలేదని మనవి చేయడానికి చింతిస్తున్నాను.

సేవాసంస్థలలో మాది ఫొటోకు లొంగని కోవ. దుప్పట్లు పంచే సంస్థ దుప్పట్లను చూపగలదు, బావి తవ్వించిన సంస్థ బావి గట్టున నలుగురిని నిలబెట్టగలదు. మేము చూపగలిగింది తెర ముందు మెడ వంచుకుని కూర్చున్న ఒక మనిషి వీపు మాత్రమే. ఒకరు కోడ్ రాస్తారు, మరొకరు అందులో తప్పులు పడతారు, ఇంకొకరు అర్ధరాత్రి లేచి సర్వర్ ఎందుకు ఆగిపోయిందో లాగ్‌లు తిరగేసి తెలుసుకుంటారు, చూపు లేనివారి స్క్రీన్ రీడర్ మా మెనూను సరిగ్గా చదువుతోందో లేదో ఒకరు సరిచూస్తారు, పాస్‌వర్డ్ మరచిపోయినవారు కోపంతో రాసే ఉత్తరాలకు ఒకరు శాంతంగా జవాబులిస్తారు. వీళ్ల జీతాలే మా కార్యక్రమం. వాటిని తీసివేస్తే మిగిలేవి ఒక లోగో, ఒక డొమైన్ పేరు. ఆ డొమైన్ పేరైనా గడువు దాటకుండా రుసుము కట్టే మనిషి ఉన్నంతకాలమే. అయినా "మా సొమ్ము జీతాలకు పోకుండా అసలు పనికే వెళ్లేలా చూడగలరా?" అని దాతలు అడుగుతూనే ఉంటారు. చూస్తామనే అంటాము. అనక ఏం చేస్తాము?

తమరి ఏలుబడికి సరిహద్దులు గీసే పద్ధతి కూడా మహా రమ్యంగా ఉంటుంది. అమెరికాలో పన్ను మినహాయింపు పొందిన సంస్థలు చాలావరకు ఏటా 990 అనే ఫారం దాఖలు చేస్తాయి. ముఖ్య అధికారుల జీతాలతో సహా దాన్ని ఎవరైనా తెప్పించుకుని చదువుకోవచ్చు. ఆ పారదర్శకతతో నాకు పేచీ లేదు, లోకంలో మరిన్ని సంస్థలు అలా బట్టబయలుగా బతికితే మంచిదే. అందులో ఖర్చులను మూడు వరుసలుగా విడదీయాలి: కార్యక్రమాల ఖర్చు, యాజమాన్యపు సాధారణ ఖర్చు, విరాళాల సేకరణ ఖర్చు. మొదటిది పుణ్యం ఖాతా. మిగిలిన రెండూ తమరి జమీందారీ.

ఈ పంపకం ఎలా జరుగుతుందంటే, అన్ని ప్రాజెక్టుల డేటాకూ రోజూ బ్యాకప్ తీసే ఇంజనీరు ఒకామె ఉన్నారనుకోండి. ఆమె పని అన్నిటికీ ఆధారం కాబట్టి ఏ ఒక్క ప్రాజెక్టుకూ చెందదు. ఏ ఒక్కదానికీ చెందదు కాబట్టి ఆమె జీతం తమరి జమీందారీలో పడుతుంది. ఆమె పక్క కుర్చీలోని యువకుడు ఒక దాత ముచ్చట తీర్చడానికి తెర మీద ఒక బటన్ చేర్చాడు. ఆ బటన్‌ను ఎవరైనా నొక్కినట్లు దాఖలా లేదు, కానీ దానికి ప్రత్యేకంగా గ్రాంటు వచ్చింది కాబట్టి అతని జీతం పుణ్యం ఖాతాకు ఎక్కుతుంది. బ్యాకప్ లేని రోజున ఆ బటన్ కూడా మిగలదన్న సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు.

ఈ విభజనకంతటికీ మూలాధారం, ఎవరు ఏ పనికి ఎన్ని గంటలు వెచ్చించారో రాసే టైమ్‌షీట్. వారాంతంలో దాన్ని నింపే గంట మా ఆఫీసులో సృజనాత్మక రచన జరిగే శుభసమయం. ఒక మనిషి జీతాన్ని మూడు గ్రాంట్లు పంచుకుంటున్నాయి. ఒకటి గోప్యత కోసం, ఒకటి భాషల కోసం, మరొకటి నవీన ఆవిష్కరణల కోసం. ఆ మనిషి పొద్దున ఒక బగ్ సరిచేశారు. అది మూడు ప్రాజెక్టులూ వాడుకునే ఉమ్మడి కోడ్ లైబ్రరీలో ఉంది. ఇప్పుడు దాన్ని సరిచేయించిన దాత ఎవరు? గోప్యత గ్రాంటులో ఈ నెల గంటలు నిండిపోయాయి. భాషల గ్రాంటు ఇచ్చినవారు తమ సొమ్మును నిర్వహణ పనులకు వాడరాదని ఒప్పందంలోనే రాయించుకున్నారు. ఆవిష్కరణల గ్రాంటుకు రాయాలంటే చాలాకాలంగా ఉన్న బగ్‌ను నవీన ఆవిష్కరణగా నిరూపించాలి, దానికి ఒక పేజీ వివరణ కావాలి, ఆ పేజీ రాయడానికి బగ్ సరిచేయడానికి పట్టినదానికన్నా ఎక్కువ సేపు పడుతుంది. ఈ మీమాంస ఎలా తేలినా, టైమ్‌షీట్ నింపడానికి పట్టిన సమయం మాత్రం ఏ వివాదమూ లేకుండా తమరికే చెందుతుంది. తమరిని తగ్గించడానికి మేము పడే శ్రమ అంతా తిరిగి తమరి ఖాతాలోనే జమ కావడం తమరి లీలలన్నిటిలోకీ నాకు ఎక్కువగా నచ్చినది.

దాతల దరఖాస్తులో చివరి ప్రశ్న కూడా తమరి ఆస్థానంలో తయారైనదేనని నా అనుమానం: "మా నిధులు ముగిసిన తరవాత ఈ ప్రాజెక్టును ఎలా కొనసాగిస్తారు?" నిర్వహణకు పైసా ఇవ్వనని మూడో పేజీలో చెప్పినవారే పదో పేజీలో ఈ మాట అడుగుతారు. మరొక దాతను వెతుక్కుంటామన్నదే నిజమైన జవాబు. ఆ మరొక దాత దరఖాస్తులోనూ చివరి ప్రశ్న ఇదే.

తమరు దాదాపు సోదిలోకి కూడా లేని చోటు ఎలా ఉంటుందో లోకం 2014 ఏప్రిల్‌లో చూసింది. బ్యాంకుల నుంచి ప్రభుత్వాల దాకా అందరూ తమ వెబ్‌సైట్ల రహస్యాలను కాపాడుకోవడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. 2012 మార్చిలో విడుదలైన వెర్షన్‌తో అది జనంలోకి వెళ్లింది. సర్వర్‌కు చిన్న మాట ఒకటి పంపి, దాని పొడవు మాత్రం చాలా ఎక్కువని అబద్ధం చెబితే, సర్వర్ సరిచూసుకోకుండా ఆ పొడవు నిండేదాకా తన మెమరీలో పక్కనున్నవన్నీ కలిపి తిప్పి పంపేది. అందులో పాస్‌వర్డ్‌లు ఉండవచ్చు, రహస్య సమాచారాన్ని విప్పే తాళంచెవులూ ఉండవచ్చు. నమ్మకమైన సంస్థలు ఇచ్చిన భద్రతా సర్టిఫికెట్లు ఉన్న వెబ్ సర్వర్లలో సుమారు 17 శాతం, అంటే దాదాపు 5 లక్షలు, ఈ ప్రమాదంలో ఉన్నాయని అప్పట్లో అంచనా వేశారు. అంత భారం మోస్తున్న ప్రాజెక్టుకు ఏటా అందుతున్న విరాళాలు సుమారు 2000 డాలర్లు. పూర్తికాలం పనిచేసేవారు ఒక్కరు. ఆఫీసు హంగులనే పాపం చేయాలన్నా ఆ సొమ్ము చాలదు కాబట్టి, తమరి శాతమే కొలమానం అయితే భూమండలంలో అంతకన్నా నిష్కళంకమైన పని మరొకటి ఉండి ఉండదు. లోపం బయటపడిన నెలలోనే పెద్ద పెద్ద కంపెనీలు, ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌కు తోడ్పడే లినక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో కోర్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇనిషియేటివ్ పేరిట నిధులతో ముందుకు వచ్చాయి. ఆ కంపెనీలు అంతకుముందు ఆ కోడ్‌ను ఎంతకు వాడుకున్నాయో తమరికి తెలియనిది కాదు.

సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌ను నడిపే, మాలాగే లాభాపేక్ష లేని సంస్థ 2023 నవంబరులో తన ఖర్చుల చిట్టాను తానే బయటపెట్టింది. కోట్ల మంది వాడే ఆ యాప్‌ను దాదాపు 50 మంది పూర్తికాలపు ఉద్యోగులు నడుపుతున్నారనీ, 2025 నాటికి ఏటా సుమారు 5 కోట్ల డాలర్లు కావలసి వస్తాయనీ చెప్పింది. ఆ చిట్టాలో నా కన్ను పడింది జీతాల మీద కాదు; కొత్తగా చేరేవారి ఫోన్ నంబరు నిజమైనదో కాదో తేల్చుకోవడానికి పంపే ఎస్ఎంఎస్‌ల మీద. వాటికే ఏటా సుమారు 60 లక్షల డాలర్లు. ఆ డబ్బు టెలిఫోన్ కంపెనీలకు పోతుంది, ఎవరూ కిక్కురుమనరు. ఆ ఎస్ఎంఎస్ పంపే ప్రోగ్రాము రాసిన మనిషి జీతం దగ్గరకు వచ్చేసరికి మాత్రం అందరికీ పొదుపు గుర్తుకొస్తుంది. సేవకు వచ్చినవాడికి మార్కెట్టు జీతం ఎందుకన్నది పాత ప్రశ్నే. అదే ఇంజనీరు వీధి దాటి వ్యాపార సంస్థలో చేరి, ఏళ్ల తరబడి నష్టాలు తెచ్చే యాప్‌కు అంతకు రెట్టింపు జీతంతో కోడ్ రాస్తే ఆ ఖర్చును పెట్టుబడి అంటారు, చప్పట్లు కూడా కొడతారు.

ఏకపక్షంగా మాట్లాడడం భావ్యం కాదు. తమరి పుట్టుకకు కారణం ఉంది. దాతల సొమ్ముతో డైరెక్టర్లు విమానాల్లో తిరిగిన సంస్థలు, వసూలైనదాంట్లో అధికభాగాన్ని వసూలు చేసినవారికే కట్టబెట్టిన సంస్థలు ఉన్నాయి, ఇకముందూ ఉంటాయి. వాటిని పట్టుకోవడానికి ఒక కొలత కావాలి. మా కోవలోనూ ఉద్యోగుల అలసట గురించి ప్రసంగించడానికి ఊళ్లు తిరిగే పెద్దలు లేకపోలేదు. కానీ తమరి శాతం ఆ దొంగలను పట్టుకున్నదానికన్నా మా బ్యాకప్ ఇంజనీరును పట్టుకున్నదే ఎక్కువ, ఎందుకంటే దొంగకు లెక్కలు రాయడం బాగా వచ్చు. సేవాసంస్థల లెక్కలను జనం ముందు పెట్టే గైడ్‌స్టార్, ఛారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయెన్స్ సంస్థల అధిపతులే 2013లో అమెరికా దాతలకు ఉమ్మడిగా లేఖ రాసి, ఓవర్‌హెడ్ ఒక్కదాన్నే చూసి సంస్థ విలువ కట్టవద్దని వేడుకున్నారు. మరుసటి సంవత్సరం సంస్థలకు కూడా మరో లేఖ రాశారు. అంతటివారు కదిలించలేని తమరిని నా విన్నపం కదిలిస్తుందన్న భ్రమ నాకు లేదు.

ప్రభుత్వాలకూ తమరంటే భయభక్తులే. భారతదేశంలో విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించి, ఆ విరాళాల్లో పరిపాలనా ఖర్చుకు వాడదగిన పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. అమెరికా ప్రభుత్వ గ్రాంట్లలో, విడిగా రేటు కుదుర్చుకోని సంస్థలు తీసుకోగలిగే పరోక్ష ఖర్చు, అంటే తమరి వాటా, చాలాకాలం 10 శాతం ఉండి, 2024 అక్టోబరు నుంచి 15 శాతం అయింది. దుప్పట్ల సంస్థకూ సర్వర్ల సంస్థకూ ఒకే పరిమితి. సమానత్వం అంటే ఇదే కాబోలు.

ఇంతటి ప్రభువుల కంటపడకుండా బతకడానికి మేము నేర్చుకున్న విద్యలు కూడా కొన్ని తమరికి నివేదించుకోవాలి. మా అకౌంటెంటు పదవికి ఇప్పుడు "కార్యక్రమ సహకార నిపుణులు" అని పేరు. ఉద్యోగుల సెలవులు చూసే ఆమె "సామర్థ్య నిర్మాణం" కింద ఉన్నారు. భద్రతా పరీక్షకు డబ్బు అడిగితే రాదని తెలిసి దానికి "సముదాయ విశ్వాస ప్రాజెక్టు" అని పేరు పెట్టగా, రెండో దాతే మంజూరు చేశారు. నడుము నొప్పి వస్తోందని కొత్త కుర్చీలు అడిగినవారికి, కుర్చీ తమరి పరిధిలోకి వస్తుందనీ, ఫిజియోథెరపీ మాత్రం సిబ్బంది సంక్షేమ గ్రాంటులో దొరుకుతుందనీ మర్యాదగా వివరించారు. కుర్చీ మీద ఆదా అయినదానికన్నా వైద్యం మీద ఎక్కువ ఖర్చయింది. అది కార్యక్రమాల ఖాతాలో పడింది కాబట్టి నివేదికలో మా పరిస్థితి మెరుగుపడింది.

ఇక అసలు విన్నపానికి వస్తాను. వచ్చే నెలలో ఒక పెద్ద దాతతో మాకు ఇంటర్వ్యూ ఉంది, తమరి శాతం ఎంత అని తప్పకుండా అడుగుతారు. బ్యాకప్ తీసే ఇంజనీరును, భద్రత చూసేవారిని ప్రాజెక్టుల మధ్య గంటల లెక్కన పంచితే 12 శాతమే వస్తుందని మా డైరెక్టరు అంటున్నారు. వాళ్లను ఉన్నచోటే ఉంచితే 23 శాతం వస్తుందని మా కార్యక్రమ సహకార నిపుణులు అంటున్నారు. రెండు పద్ధతులనూ ఒప్పుకుంటానని ఆడిటరు చెప్పారు, రెండింటిలోనూ అవే మనుషులు అవే పనులు అదే జీతానికి చేస్తున్నారు. దరఖాస్తులో ఒక్క అంకెకే చోటు ఉంది కనుక, తమరు ఈ రెండింటిలో ఏ రూపంలో దర్శనమివ్వదలచుకున్నారో ఇంటర్వ్యూకు వారం ముందుగా తెలియజేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి పద్దులోని ఒక ఉద్యోగి