చుక్కల సీసా సంగతి కూడా రాయాల్సింది
శుక్లం ఆపరేషన్ తర్వాత యాంటీబయాటిక్ చుక్కలు మానొద్దని మీ వ్యాసంలో రాశారు, బాగుంది, కానీ ఎలా వేసుకోవాలో ఒక్క ముక్క లేదు. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, పోయినేడు మా అమ్మకి చేయించాం. మాక్సిఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ చుక్కలు వేసుకుంటూ సీసా మూతి ప్రతిసారీ రెప్ప వెంట్రుకలకి ఆనించేసేది, పైగా కళ్లు ఎర్రబడ్డాయంటే పక్కింటి పిన్నిగారికి అదే సీసా అరువిచ్చింది! రెండు రకాల చుక్కలుంటే మధ్యలో 5 నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. అన్నట్టు, చుక్కలొక్కటే కాదండీ, 2007లో వచ్చిన యూరప్ అధ్యయనంలో ఆపరేషన్ చివర కంటి లోపలికి సెఫురాక్సిమ్ అనే యాంటీబయాటిక్ ఇస్తే ఇన్ఫెక్షన్ ముప్పు దాదాపు 5 రెట్లు తగ్గింది. నొప్పి పెరిగినా, చూపు మసకబారినా ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. ఇక మా అమ్మ చేత కాలువ స్నానం మాన్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.